ఆదివారం వృద్ధాశ్రమం విజిట్: అందరూ చదవండి

ఫ్రెండ్స్, హెల్త్ అడ్మినిస్ట్రేషన్ బ్యాచ్ అందరికీ.

ఈ ఆదివారం మన సెంటర్ తరఫున వృద్ధాశ్రమానికి వెళ్తున్నాం. ఉదయం 8కి నెల్లూరు మద్రాసు బస్టాండ్ దగ్గర కలుద్దాం. 8:15కి బస్సు కదులుతుంది. ఒంగోలు, కావలి వాళ్లు శనివారం రాత్రికే దిగిపోండి, రైలు లేటైతే ఆగలేం.

శుక్రవారం సాయంత్రంలోగా పేరు పెట్టండి. పక్కనే మీరు చూడబోయేది కూడా రాయండి: అడ్మిషన్ రిజిస్టర్, మందుల స్టాక్, వంట ఖర్చు, రాత్రి డ్యూటీ. నన్నడిగితే రాత్రి డ్యూటీయే ముఖ్యం. బాత్రూంకి లేచి పడిపోయే పెద్దవాళ్లు చాలామంది. ఆ టైంలో పలికే మనిషి ఉన్నారా లేదా అన్నది చూడాలి.

2007 తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టం ఒకసారి తిరగేయండి. పిల్లలు పట్టించుకోకపోతే ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. 70 దాటినవాళ్లకి కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు, ఏడాదికి 5 లక్షల దాకా ఉచిత వైద్యం. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. అక్కడి తాతయ్యలు ఇవే అడుగుతారు. పోయినసారి నేను నీళ్లు నమిలాను!

అడగకుండా ఎవరి ఫొటో తీయొద్దు. ఐడీ కార్డు, నోట్‌బుక్ మర్చిపోకండి. టిఫిన్ సంగతి నేను చూసుకుంటా.