ఆ పదకొండు శాలువాల గురించి

నమస్కారం అండీ. ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు నా దగ్గర మోహేర్ (అంగోరా మేక వెంట్రుకల దారం) లేసు శాలువా కొన్న పదకొండు మందికి ముందుగా ఈ మాట చెప్పాలి. మోహేర్ అని చెప్పి నేను మీకు అమ్మిన శాలువాల్లో ఉన్నది చాలావరకు యాక్రిలిక్, అంటే ప్లాస్టిక్ లాంటి కృత్రిమ దారం. ఈ నెల మొదటి వారంలో నాకు అనుమానం వచ్చింది. ఖాయం చేసుకోవడానికి, అసలు దారం మళ్లీ తెప్పించడానికి రెండు వారాలు పట్టింది. దారం చేతికి వచ్చాకే మీకు గట్టిగా ఒక మాట ఇవ్వగలనని ఇన్నాళ్లు ఆగాను.

దసరా ముందు శాలువా తీసుకున్న చిత్తూరు అక్క ఒకరు ఫోటో పంపారు. నేను ప్యాకెట్‌లో పెట్టిన కార్డు ప్రకారమే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి తడి తీసి, మ్యాట్ మీద పరిచి పిన్నులు గుచ్చి ఆరబెట్టారట. పిన్నులు తీసిన కాసేపటికే అంచులో అల్లిన విసనకర్ర ఆకారాలన్నీ లోపలికి ముడుచుకుపోయాయి. 'ఎన్నిసార్లు చేసినా ఇంతేమ్మా, నేనేమైనా తప్పు చేస్తున్నానా?' అని అడిగారు. పిన్నులు దగ్గర దగ్గరగా గుచ్చి ఉండరేమో, ఇంకోసారి చూడండక్కా అని నేను జవాబు పెట్టాను. ఆ జవాబుకు నేను సిగ్గుపడుతున్నాను. ఆమె అన్నీ సరిగ్గా చేశారు.

రాత్రంతా ఆ ఫోటోనే కళ్లలో మెదిలింది. మోహేర్ అయినా, గొర్రె ఊలు అయినా వెంట్రుక లాంటిదే. తడిపి సాగదీసి ఆరబెడితే ఆ ఆకారంలో నిలబడుతుంది, మళ్లీ తడిసేదాకా అలాగే ఉంటుంది. లేసు అల్లిక అందమంతా అక్కడే ఉంది. హుక్ మీంచి దిగినప్పుడు శాలువా ముడతలు పడిన గుడ్డలా ఉంటుంది, ఒక్కసారి తడిపి సాగదీసి ఆరబెట్టాకే కన్నులన్నీ విచ్చుకుంటాయి. యాక్రిలిక్‌కి నీళ్లతో ఆ గుణం రాదు. పిన్ను తీయగానే వెనక్కి వస్తుంది.

తెల్లారి రెండు చిన్న ముక్కలు అల్లాను. ఒకటి పోయిన ఏడాది మిగిలిన పాత దారంతో, ఒకటి జూలైలో కొన్న కొత్త దారంతో. అదే హుక్, అవే కుట్లు, అదే మ్యాట్. బయట ముసురు పట్టి ఉండటంతో ఆరడానికి రాత్రంతా పట్టింది. పొద్దున పిన్నులు తీస్తే పాత ముక్క కదల్లేదు, కొత్తది ముడుచుకుంది. తర్వాత స్టీలు పళ్లెం మీద రెండు దారాలనూ విడివిడిగా పట్టకారుతో పట్టుకుని కాల్చాను. పాతది కాలుతుంటే జుట్టు కాలిన వాసన, మంట తీయగానే ఆరిపోయింది, మిగిలిన నల్ల బూడిద వేళ్ల మధ్య పొడి అయింది. కొత్తది కరిగి, నల్లటి పొగతో మండుతూనే ఉండి, చివర గట్టి పూసలా మిగిలింది. గోటితో నొక్కినా పగల్లేదు.

ఆ దారం ఎలా వచ్చిందో కూడా చెప్తాను. నేను ఎప్పుడూ కొనే దగ్గర ఇరవై ఐదు గ్రాముల దారం ఉండ 1,350 రూపాయలు. జూలైలో స్టాక్ లేదన్నారు. ఇంకో వ్యాపారి అదే రకం అని 620కి ఇస్తానన్నారు. లేబుల్ మీద కిడ్ మోహేర్ (పిల్ల మేకల మోహేర్), పట్టు అని రాసి ఉంది. చేతికి మెత్తగా ఉంది, నూగు బాగా ఉంది. సగం ధరకి ఎందుకు వస్తుందని నేను ఆలోచించాల్సింది, ఆలోచించలేదు. అడిగితే ఆయన లేబుల్ మీద ఉన్నదే అమ్మానంటున్నారు. ఆయనతో నా గొడవ నేను చూసుకుంటాను, అది మీ మీద పడదు.

ఒక శాలువాకి నాలుగు ఉండలు పడతాయి. దారం చవకైనా నేను శాలువా ధర తగ్గించలేదు, 7,800కే అమ్మాను. అంటే ఒక్కో శాలువా మీద 2,920 రూపాయలు నాకు అదనంగా మిగిలాయి. ఆ డబ్బుతో ఇంటి మేడ మీద గదిలో రెండు లైట్లు, ఒక బల్ల కొన్నాను. మీ డబ్బుతో కొన్నానని మీకు తెలియాలి.

అందుకని మీరు ఏది అడిగితే అది చేస్తాను. శాలువా వెనక్కి ఇచ్చేస్తే 7,800 మొత్తం, కొరియర్ ఖర్చుతో సహా అదే రోజు ఫోన్‌పే చేస్తాను. వాడుతున్నాం, ఉంచుకుంటాం అంటే 4,000 తిరిగి ఇస్తాను. అసలు మోహేర్‌తో అదే డిజైన్ కావాలంటే మళ్లీ అల్లి ఇస్తాను, పైసా అదనం లేదు, పాతది మీ దగ్గరే ఉంచుకోండి. ఉతికినా, చిరిగినా, ఎవరికైనా బహుమతిగా ఇచ్చేసినా సరే. బిల్లు అక్కర్లేదు, ఎవరికి ఏ రంగు ఇచ్చానో నా పుస్తకంలో ఉంది. పాతది ఉంచుకునేవాళ్లకి ఒక జాగ్రత్త: యాక్రిలిక్ వేడికి కరుగుతుంది. దీపారాధన దగ్గర, స్టవ్ దగ్గర అది కప్పుకుని నిలబడకండి, ఇస్త్రీ తగలనివ్వకండి.

ఇప్పుడు వచ్చిన దారం నా పాత డీలర్ దగ్గరిదే, బ్యాచ్ నంబరుతో, బిల్లుతో. 72 శాతం కిడ్ మోహేర్, 28 శాతం పట్టు. ఉండకి 210 మీటర్లు. మధ్యలో సన్నటి పట్టు పోగు ఉంటుంది, దాన్ని పట్టుకుని మోహేర్ నూగు చుట్టూ నిలబడుతుంది. ప్రతి ఉండ నుంచి చిన్న ముక్క తీసి కాల్చి చూశాకే హుక్ పడుతున్నాను. అయితే కాల్చి చూస్తే యాక్రిలిక్ ఉందో లేదో తెలుస్తుంది గానీ, గొర్రె ఊలుకీ మోహేర్‌కీ తేడా తెలియదు, రెండూ ఒకేలా కాలతాయి. అందుకే పొడుగ్గా, జారుడుగా, పట్టులా మెరిసే ఆ పోగుని కంటితో, చేతితో కూడా చూసుకుంటున్నాను. మీ శాలువాతో పాటు ఆ ఉండ లేబుల్, ఒక మూర దారం చిన్న కవర్లో పెట్టి పంపుతాను. మీరే కాల్చి చూసుకోవచ్చు.

తిరుమల కొండకి కప్పుకెళ్లడానికి కొనేవాళ్లు చాలామంది ఇది ఏ జంతువుది, చంపి తీస్తారా అని అడుగుతుంటారు. మోహేర్ అంగోరా మేక వెంట్రుక. టర్కీ రాజధాని అంకారా పాత పేరు అంగోరా, మేకకి ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ మోహేర్ దక్షిణాఫ్రికా నుంచి వస్తుంది. చంపరు, గొర్రెకి లాగానే కత్తిరిస్తారు, ఏడాదికి రెండుసార్లు. పిల్ల మేకలది చాలా సన్నగా ఉంటుంది, కిడ్ మోహేర్ అంటే అదే. అంగోరా ఊలు అని అమ్మేది వేరే, అది కుందేలుది. ఇందులో కలిసే పట్టు మాత్రం మన పట్టుచీరల పట్టు లాంటిదే, పట్టుపురుగుల్ని చంపి తీసేది. పట్టు వాడని కుటుంబాలవాళ్లు కొనేముందు నాకు చెప్పండి, నూలు దారంతో అదే డిజైన్ అల్లి ఇస్తాను. మన నర్సాపురం లేసుకు 2024లో జీఐ గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక వస్తువుకి ఇచ్చే గుర్తింపు) వచ్చింది కదా, వాళ్లు అల్లేదీ నూలుతోనే. నూలు శాలువా వెచ్చగా ఉండదు కానీ చూడటానికి ఏం తక్కువ కాదు.

ధర విషయం. కొత్త ఆర్డర్లకు శాలువా 8,900 అవుతుంది. దారానికే 5,400. అల్లడానికి 36 గంటలు పడుతుంది, గంటకి ఎనభై చొప్పున 2,880. మిగిలినవి పిన్నులు, ప్యాకింగ్. నాతో పాటు అల్లే ఇద్దరు అక్కలకు ఇన్నాళ్లు గంటకి అరవైనే ఇచ్చాను. చవక దారం వెతకడం ఎందుకు మొదలైందని ఆలోచిస్తే, ధర పెంచితే మీరు కొనరేమోనని భయపడటమే. ఇప్పటికే ఆర్డర్ ఇచ్చిన పద్నాలుగు మందికి మాత్రం 7,800నే.

36 గంటలా అని కొందరు ఆశ్చర్యపోతారు. దారం తల వెంట్రుకలా ఉంటుంది, హుక్ ఐదు మిల్లీమీటర్లు. కుట్టు వదులుగా పడితేనే గాలి ఆడుతుంది, తేలిగ్గా ఉంటుంది. మొత్తం శాలువా వంద గ్రాములు దాటదు. మొదటి గొలుసు వరస ఆరు మిల్లీమీటర్ల హుక్‌తో వేస్తాం, లేకపోతే ఆ అంచు బిగుసుకుని శాలువా ఒక వైపు ముడుచుకుంటుంది. నూగు వల్ల కింది వరస కన్నులు కళ్లకి సరిగ్గా కనబడవు, వేలితో తడుముకుంటూ వేయాలి. నల్లవి, ముదురు నీలివి రాత్రిపూట అల్లడం కుదరదు. అన్నిటికంటే కష్టం విప్పడం. మోహేర్ నూగు ఒకదానికొకటి పట్టేసుకుంటుంది, లాగితే తెగుతుంది. అందుకే ప్రతి వరస చివర కుట్లు లెక్కపెడతాం. అయినా తప్పు పోతే కవర్లో పెట్టి గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచి, చల్లగా ఉండగా నెమ్మదిగా విప్పుతాం. మా ఫ్రీజర్‌లో ఐస్‌క్రీం పక్కన ఎప్పుడూ ఒక శాలువా ఉంటుందని మా పిల్లలకి అలవాటైపోయింది.

రోజుకి నాలుగు గంటల చొప్పున ఒక్కొక్కరం తొమ్మిది రోజులకు ఒకటి పూర్తి చేస్తాం. ముగ్గురం కలిసి నెలకి పది. పదకొండు మందీ మళ్లీ అల్లమంటే, ఆర్డర్లతో కలిపి ఇరవై ఐదు. అంటే ఫిబ్రవరి మొదటి వారం. ధనుర్మాసంలో కొండకి కప్పుకెళ్దామని అనుకున్నవాళ్లలో మొదటి ఎనిమిది మందికే డిసెంబర్ 16 లోపు ఇవ్వగలను. మిగిలిన ఆరుగురికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్తున్నాను, వద్దనుకుంటే అడ్వాన్స్ వెనక్కి ఇస్తాను. సంక్రాంతి దాటేదాకా కొత్త ఆర్డర్ తీసుకోను.

ఆ ఎనిమిది మందికి ఒక మాట. ఇది క్యూలో కూర్చున్నప్పుడు భుజాల మీద వెచ్చదనానికి బాగుంటుంది. అలిపిరి మెట్లెక్కేటప్పుడు బ్యాగులో పెట్టుకోండి, బ్యాగు పట్టీ రాపిడికి నూగు ఉండలు కడుతుంది. జుంకాల కొక్కేనికి, గాజు అంచుకి తగులుకుంటే లాగకండి, కత్తిరించకండి. చుట్టుపక్కల కుట్లను రెండు వైపులా కొద్దికొద్దిగా సాగదీస్తే లేచిన పోగు లోపలికి పోతుంది. పోకపోతే నా దగ్గరికి తీసుకురండి.

చిత్తూరు వైపు కొన్నవాళ్లు నలుగురు ఉన్నారు. డిసెంబర్ మొదటి ఆదివారం పొద్దున బస్సుకి నేనే వస్తున్నాను, డబ్బు, కొత్త దారం నమూనాలు రెండూ తెస్తాను. మీ ఇంటికి ఏ టైంకి రమ్మంటారో శుక్రవారం లోపు ఒక మెసేజ్ పెట్టండి. ఫోటో పంపిన అక్కా, ముందు మీ ఇంటికే వస్తాను.