అక్కరకొచ్చిన చేతులకు: మన్ననూరు బొమ్మల గ్యాలరీ నుంచి కృతజ్ఞతలు

స్లాబు కారి మా రంగుల చిత్రాల గ్యాలరీ గోడ తడిసిన రాత్రి నుంచి ఇవాళ్టిదాకా సాయం చేసిన అందరికీ మన్ననూరు నుంచి దండాలు. పేర్లు వేయొద్దని చాలామంది అన్నారు, అందుకే పనిని బట్టి చెప్పుకుంటున్నాం. ఎవరు ఏం చేశారో, అట్లాగే ఎందుకు చేశారో కూడా రాస్తున్నాం. నల్లమల అంచున గానీ, సాగర్ హిల్ కాలనీలో గానీ బొమ్మలు పెట్టి అమ్మేవాళ్లకూ, ఇంట్లో నాలుగు మంచి బొమ్మలున్నవాళ్లకూ వచ్చే వానాకాలం పనికొస్తుంది.

మొదటి దండం మెయిన్ ఆపిన ఎలక్ట్రీషియన్ తమ్ముడికి. స్లాబులో దిగిన నీళ్లు కరెంటు పైపు దొరికితే అందులోనే పారతాయి. పగులు ఒక మూలన ఉంటే నీళ్లు ఇంకో మూలన లైటు పాయింటులోంచి కారతాయి. కారే చోటు ఒక్కటే తడి అనుకుని స్విచ్ ముడితే ప్రాణం మీదికొస్తుంది. తడిసిన ట్రాక్ లైట్లను తుడిచి మళ్లీ బిగించేయకుండా, మెగ్గర్ (వైరు నుంచి కరెంటు లీకవుతుందా అని చూసే మీటరు) పెట్టి ఒక్కో లైను చూసుకున్నాకే కరెంటు ఇచ్చాడు. అప్పటిదాకా పని అంతా చార్జింగ్ లైట్ల కిందే నడిచింది.

రెండోది హైదరాబాద్‌లో బొమ్మల మరమ్మతు చేసే మేడమ్‌కు. ఫోన్‌లో ఆమె చెప్పినవాటిలో సగానికి పైగా 'చేయకండి' అనేవే. ఎండలో పెట్టకండి, గుడ్డతో తుడవకండి, అద్దం నుంచి పీకకండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. ఆ రాత్రి సాయానికి వచ్చినవాళ్లందరి చేతుల్లోనూ తువ్వాళ్లే ఉన్నాయి. అవి పక్కన పెట్టించడమే అసలు సాయం.

క్యాన్వాసు సంగతి ముందు చెప్తాం. నూనె రంగుల బొమ్మ వెనక నుంచి తడిస్తే గుడ్డకు పట్టించిన జిగురు ఉబ్బుతుంది, గుడ్డ సాగుతుంది లేదా బిగుస్తుంది, పైనున్న రంగు పొర మాత్రం అట్లా కదల్లేదు. దాంతో పెచ్చులు లేస్తాయి. ఎండలో పెడితే ముందువైపు గబుక్కున ఆరి, వెనక తడిగానే ఉండి, చెక్క చట్రం వంకర పోతుంది. కాబట్టి పైన అలంకారపు ఫ్రేము మాత్రమే తీయాలి, క్యాన్వాసును లోపలి చట్రం నుంచి విప్పకూడదు. రంగువైపు పైకి ఉండేలా నీడలో పరచాలి. ఫ్యాను గాలి నేరుగా బొమ్మ మీదికి కాకుండా గోడకు కొట్టి తిరిగి రావాలి. గుడ్డ వదులైనట్టు కనబడుతుంది, మూలల్లో చెక్క చీలలు కొట్టి బిగిద్దామనిపిస్తుంది. కొట్టకూడదు. ఆరాక గుడ్డ దానంతటదే బిగుస్తుంది, తడిలో బిగిస్తే ఆరేటప్పుడు చిరుగుతుంది.

పరచడానికి ఎండు వెదురు తడకలు మోసుకొచ్చిన చెంచు తమ్ముళ్లకు ప్రత్యేకంగా దండాలు. తడకను నాలుగు ఇటుకల మీద లేపి, పైన దోమతెర గుడ్డ బిగించి పరిస్తే కింది నుంచి కూడా గాలి ఆడుతుంది. పచ్చి వెదురైతే అదే చెమ్మ వదులుతుంది. ఆ సంగతి వాళ్లకు చెప్పాల్సిన పని లేదు, ఏరి మరీ ఎండువే తెచ్చారు.

అద్దం వెనకున్న కాగితం బొమ్మల లెక్క వేరు. నీటిరంగులైనా, ఎచింగులైనా (లోహపు రేకు మీద గీసి కాగితం మీద తీసే అచ్చులు), తడిగా ఉండగానే ఫ్రేము నుంచి తీయాలి. అద్దానికి అంటిన కాగితం ఒకసారి ఆరితే అద్దాన్ని పట్టేస్తుంది, లాగితే రంగు అద్దం మీదే ఉండిపోతుంది. అచ్చంపేట ఫ్రేముల అన్న తెల్లవార్లూ చేసిన పని ఇదే. ఫ్రేమును బోర్లా పెట్టి, వెనక మేకులను స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా పట్టకారుతో లాగి, అట్ట ఎత్తి, కాగితం ఒక మూలైనా తేలిందా అని చూసేవాడు. తేలితే రెండు చేతులతో ఎత్తి బ్లాటింగ్ పేపర్ మీదికి. తేలకపోతే ముట్టుకోలేదు. అద్దం అడుగున ఉండేలా అట్లాగే పళ్లెంలో పెట్టి, ఆరిపోకుండా పాలిథీన్ కప్పి, తెల్లారగానే హైదరాబాద్ పంపించాం. బ్లాటింగ్ పేపర్ మొదట్లో గంటకోసారి మార్చాలి. తడిసిన కాగితాన్నే కింద ఉంచితే ఆ చెమ్మ మళ్లీ బొమ్మకే ఎక్కుతుంది.

డ్రాయర్లలో ఉన్న విడి ప్రింట్లు అన్నింటినీ ఒక్కసారే ఆరబెట్టే చోటు ఎక్కడిది? ఇక్కడ ఆదుకున్నది ఐస్‌క్రీం షాపు అక్క. డీప్ ఫ్రీజర్ మొత్తం ఖాళీ చేసి ఇచ్చింది. తడిసిన కాగితం మీద 48 నుంచి 72 గంటల్లో బూజు మొదలవుతుంది. మైనస్ 18 డిగ్రీల్లో గడ్డకట్టిస్తే బూజు ఆగుతుంది, రంగు పాకడం ఆగుతుంది, మనకు వ్యవధి దొరుకుతుంది. పదేసి కాగితాలకు ఒక బటర్ పేపర్ వేసి, కట్టను అట్ట ముక్కల మధ్య పెట్టి, కవర్లో చుట్టి, పైన లోపల ఏముందో రాసి పెట్టాలి. తర్వాత ఒక్కో కట్ట తీసి, కవర్లోనే కరగనిచ్చి, అప్పుడు విప్పి ఆరబెట్టుకోవాలి. ఒక్క జాగ్రత్త: ఇది కాగితానికే. క్యాన్వాసులను, ముఖ్యంగా యాక్రిలిక్ రంగులవాటిని ఫ్రీజర్లో పెట్టకూడదు. చలికి ఆ రంగు పెళుసెక్కి పగులుతుంది.

చేర్యాల పటాలను గురించి అక్కడి చిత్రకారుల ఇంటి పెద్దాయన ఫోన్‌లో చెప్పిన మాట: 'బిడ్డా, దాని మీద వేలు పెట్టకు.' ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, గంజి, తెల్లమట్టి పూసి, ఆ పూత మీద బంక కలిపిన రంగులతో వేసేవి అవి. నీళ్లు తగిలితే ఆ రంగులు కరుగుతాయి, ఆ పూత బూజుకు మంచి తిండి. అద్దడం కూడా వద్దు. సమంగా పరిచి, గాలి ఆడించి, ఆరాక ఆయన ఇంటికే పంపాం. 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిన పుట్టపాక తేలియా రుమాళ్ల (నూనె పట్టించిన నూలుతో నేసే చదరాల గుడ్డలు) విషయంలో నేతన్న ఇచ్చిన సలహా: తీగ మీద వేలాడదీయొద్దు, తడి బరువుకు నేత సాగి చదరాల గీతలు వంకర పోతాయి. ఉతకొద్దు. మూలన తడి చేసిన తెల్ల దూది అద్ది, ఎరుపు దిగుతుందో లేదో చూసి, దిగకపోతే తెల్ల గుడ్డ మధ్య పరవండి. ఎరుపు దిగలేదు.

బూజు పట్టినవి లేకపోలేదు. తడిగా ఉన్న బూజును తుడిస్తే కాగితం పీచులోకి దిగుతుంది. పూర్తిగా ఆరి పొడిపొడి అయ్యాక, ఆరుబయట, ఎన్95 మాస్కు కట్టుకుని, మేకవెంట్రుకల మెత్తని బ్రష్‌తో ఒకే దిక్కుకు దులపాలి. మామూలు వాక్యూమ్ క్లీనర్ వద్దు, బూజు పొడిని వెనక నుంచి గదిలోకే ఊదుతుంది. సన్నని పొడిని కూడా పట్టుకునే హెపా ఫిల్టర్ ఉన్నదే పెట్టాలి, మూతికి దోమతెర గుడ్డ కట్టాలి. ఫ్రేము చెక్కలకు, అరలకు 70 శాతం ఆల్కహాలు. బొమ్మకు మాత్రం ఏదీ వద్దు. ఫినాయిల్, డెట్టాల్ తెచ్చిచ్చిన వాళ్ల మనసుకు దండం, ఆ సీసాలు నేల కడగడానికి వాడుకున్నాం.

ఇక మేస్త్రి. ఇంతకుముందు ఒక కాంట్రాక్టరు పైన పూసిపోయిన వాటర్‌ప్రూఫ్ రంగు చూసి ఆయన నవ్వి ఊరుకున్నాడు. పగులు స్లాబులో లేదు, పిట్టగోడ స్లాబును కలిసే చోట ఉంది. ఎండకు స్లాబు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, గోడ దాంతోపాటు కదలదు, కాబట్టి విడిపోయేది ఆ అతుకే. పైన ఎన్ని పూతలు పూసినా అక్కడే చీలుతుంది. ఆయన ఆ అతుకును పొడవునా వి ఆకారంలో కొట్టి, దుమ్ము దులిపి, తడిపి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలు నింపి, మూలను ఏటవాలుగా నున్నగా తీర్చాడు. నీళ్లు నిలిచే చోట వంద అడుగులకు ఒక అడుగు వాలు వచ్చేలా సరిచేశాడు. నీళ్లు పోయే గొట్టం నోట్లో టేకాకులు కుక్కుకుని ఉన్నాయి. చదునైన జాలీ తీసేసి గుమ్మటంలా పైకి లేచినది పెట్టాడు, ఆకులు పక్కన చేరినా నీళ్లకు దారి ఉంటుంది. కోతులు పీకకుండా దాన్ని స్క్రూలతో బిగించాడు. ఆ తర్వాత గొట్టాలు మూసి రెండంగుళాల నీళ్లు నిలిపి, ఒక పగలూ రాత్రీ కింద నుంచి చూశాకే డబ్బులు తీసుకున్నాడు.

గోడ ఆరిందో లేదో చేత్తో తడిమితే తెలియదు. రెండడుగుల చదరపు పాలిథీన్ ముక్కను నాలుగు పక్కలా టేపుతో గోడకు అంటించి 24 గంటలు వదిలేయాలి. లోపలివైపు నీటి బొట్లు పేరుకుంటే గోడ ఇంకా చెమ్మ విడుస్తున్నట్టే. ఉప్పు పూత తేలితే పొడి బ్రష్‌తో దులపాలి గానీ మీద సున్నం కొట్టకూడదు, కొడితే నెలలోపే పెచ్చు ఊడుతుంది. బయటి గోడలకు ఇప్పుడు అంగుళం మందం చెక్క పట్టీలు కొట్టి, వాటి మీద ప్లైవుడ్ బిగించాం, వెనక గాలి ఆడుతుంది. ఒక్కో ఫ్రేముకు అడుగున రెండు రబ్బరు బిళ్లలు అంటించి, తీగకు బదులు రెండు కొక్కేలకు వేలాడదీస్తున్నాం. బొమ్మ నడిమధ్య నేల నుంచి 58 అంగుళాల ఎత్తులో ఉంటే నిలబడి చూసేవాళ్ల కంటికి సరిపోతుంది.

హైస్కూల్ సైన్సు సారుకు థ్యాంక్స్. తేమ మీటరు నిజం చెప్తుందా లేదా తేల్చే ఉపాయం నేర్పాడు. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత నీళ్లు చుక్కలుగా వేసి, మీటరుతో కలిపి జిప్ కవర్లో ఎనిమిది పది గంటలు మూసిపెడితే 75 శాతం చూపాలి. 70 చూపితే, ఆ మీటరు అంకెకు ఎప్పుడూ అయిదు కలుపుకోవడమే. పుస్తకాల్లో గ్యాలరీకి 50 శాతం తేమ అని ఉంటుంది. శ్రావణంలో నల్లమలలో అది అయ్యే పని కాదు. 65 దాటనివ్వకుండా, రోజులో ఎక్కువ ఊగిసలాట లేకుండా చూసుకుంటే చాలని మా ఉద్దేశం. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం అన్నింటికన్నా చెడ్డ అలవాటు, ఆపగానే తేమ ఒక్కసారిగా ఎగబాకి అద్దం లోపల చెమటపడుతుంది. ఇక తలుపు తెరిచి డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగే మిషను) నడపడమంటే నల్లమలనంతా ఆరబెట్టడానికి పూనుకున్నట్టే.

టాటా ఏస్ డ్రైవరు తమ్ముడు బొమ్మలను పడుకోబెట్టలేదు, నిలబెట్టి, బండి పోయే దిక్కుకే అంచు ఉండేలా కట్టాడు. బ్రేకు కొట్టినా ముఖం మీద దెబ్బ పడదు. బబుల్ షీటు బుడగలు బయటివైపు ఉండాలి, రంగుకు తగిలితే ఎండకు గుండ్రని మచ్చలు అచ్చు పడతాయి. మధ్యలో బటర్ పేపర్ తప్పనిసరి. శ్రీశైలం వైపు నుంచి బొమ్మలు పంపేవాళ్లు రాత్రి తొమ్మిదికి అడవి గేటు పడుతుందని, మళ్లీ పొద్దున ఆరుకే తీస్తారని గుర్తుంచుకోండి. ఆలస్యమైతే బొమ్మలు బండిలో రాత్రంతా మంచులో ఉండిపోతాయి.

చిత్రకారులందరికీ దండాలు, ఫోన్ ఎత్తి మరమ్మతుకు వెంటనే ఒప్పుకున్నందుకు. బొమ్మ మా గోడ మీద ఉన్నా, ఎవరో కొనుక్కున్నా, దాన్ని మార్చి వేసినవారి పరువుకు భంగం తెస్తే అడ్డుకునే హక్కు కాపీరైట్ చట్టం 57వ సెక్షను కింద వేసినవారికే ఉంటుంది. రంగు పోయినచోట కొంచెం అద్దినా ముందు అడగాలి. ఏది ముట్టుకోకముందే స్కేలు పక్కన పెట్టి ముందూ వెనకా ఫొటోలు తీయించింది వకీలు సారు. ఇన్సూరెన్స్ సర్వేయరు మొదట అడిగినవీ అవే. అడ్వాన్సు ఇచ్చిన ముగ్గురు కొనుగోలుదారులకు తడిసిన ఫొటోలూ మరమ్మతు కాగితమూ చూపించాం. ఇద్దరు అదే బొమ్మ ఉంచుకున్నారు, ఒకరు అడ్వాన్సు వాపసు తీసుకున్నారు. ముగ్గురికీ సమానంగా దండాలు.

తడిసిన గోడ ఇంకా పాలిథీన్ పరీక్షకు నిలవలేదు కాబట్టి ప్రస్తుతానికి ముందు గది ఒక్కటే తెరిచి ఉంది. అయిదు టేబుల్ ఫ్యాన్లు, ఒక ఎమర్జెన్సీ లైటు, రెండు స్టీలు పళ్లాలు ఎవరివో తేలక ఇక్కడే ఉన్నాయి. ఫ్యాన్ల అడుగున రాసి ఉన్న గుర్తు చెప్పి తీసుకుపోండి. ఐస్‌క్రీం అక్క ఫ్రీజర్లో మిగిలిన చివరి కట్టలను ఆదివారం లోపు ఖాళీ చేస్తాం.