చర్చికి బయల్దేరే ముందు క్రిస్మస్ చెట్టు ప్లగ్గు తీయండి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబర్ వచ్చిందంటే మా కడపలో వై.వి. స్ట్రీట్ అంతా స్టార్లు, సీరియల్ లైట్లు, ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్లే. పండగ ఘనంగా చేసుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఇళ్లలో ఆ చెట్టుకి కరెంటు ఇస్తున్న తీరు చూస్తే భయమేస్తోంది, అందుకే రాస్తున్నాను.

చవక సీరియల్ సెట్టుకి వచ్చే ప్లగ్గు నాలుగు రోజులు కూడా ఆగదు. అది ఊడిపోగానే వైరు కొసలు పళ్లతో ఒలిచి, సాకెట్ రంధ్రాల్లో దూర్చి, కదలకుండా అగ్గిపుల్లలు గుచ్చేస్తారు. పోయిన ఏడాది మా బంధువుల ఇంట్లో అచ్చం ఇలాగే ఉంది. సాకెట్ అంచు అప్పటికే మాడి గోధుమ రంగుకి తిరిగింది, దగ్గరికి చెయ్యి పెడితే వేడి తెలుస్తోంది, దానికి జానెడు దూరంలో చెట్టు మీద మంచులాగా పరిచిన దూది! వదులుగా ఉన్న తీగ దగ్గర రవ్వలు లేస్తాయి, దూది అంటుకోవడానికి ఒక్క రవ్వ చాలు. టూ పిన్ టాప్ ఒకటి కొని బిగించుకుంటే పోయేదానికి ఇంత ప్రమాదం ఎందుకండీ? పాత సెట్ల బల్బులు బాగా వేడెక్కుతాయి, ఎల్ఈడీవి అంత వేడెక్కవు కాబట్టి కొనేటప్పుడు అవే కొనండి. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి చెట్టు, స్టార్, ఇస్త్రీ పెట్టె అన్నీ తగిలించకండి.

ఇంకా మన దగ్గర చాలామంది సరుగుడు కొమ్మ తెచ్చి పొడి ఇసుక బకెట్లో నిలబెడతారు. పచ్చిగా ఉన్నప్పుడు అది అంత తేలిగ్గా అంటుకోదు. పండగకి వారం ముందే తెచ్చి జనవరి 1 దాకా ఉంచితే మాత్రం ఎండి, ముట్టుకుంటే రాలిపోతుంది, ఎండిన సరుగుడు ఎలా మండుతుందో నీళ్ల పొయ్యి ఉన్న ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. అమెరికాలో ఎండిన క్రిస్మస్ చెట్టుకి నిప్పంటించి పరీక్ష చేస్తే నిమిషంలోపే గదంతా మంటలు కమ్ముకున్నాయి, రోజూ నీళ్లు పట్టిన చెట్టు అలా మండలేదు. కాబట్టి కొమ్మ మొదలు కొంచెం కొత్తగా కోసి నీళ్లలో నిలబెట్టండి, నీళ్లు తగ్గినప్పుడల్లా పోయండి, రాలడం మొదలైతే తీసి బయట పడేయండి. ప్లాస్టిక్ చెట్టు అయితే భయం లేదనుకోవద్దు, అది కాలితే వచ్చే పొగ మంట కన్నా ముందే ఊపిరాడనివ్వదు. బాల యేసు బొమ్మ పెట్టడానికి వరిగడ్డి పరిచి కట్టే పశువుల పాక దగ్గర కొవ్వొత్తి అసలే వద్దు.

అన్నిటికన్నా నా టెన్షన్ 24వ తేదీ రాత్రి గురించి. వీధిలోకి కనబడాలని లైట్లన్నీ వెలిగించి, ఇంటికి తాళం వేసి అందరూ అర్ధరాత్రి ఆరాధనకి వెళ్లిపోతారు. కొన్ని ఇళ్లలో నడవలేని అవ్వాతాతలు, నిద్రపోతున్న పిల్లలు లోపలే ఉంటారు, చెట్టేమో బయటికి రావడానికి ఉన్న ఒక్క తలుపు పక్కనే ఉంటుంది. ముందు ఆ చెట్టుని తలుపుకి దూరంగా జరపండి.

మంట లేస్తే మెయిన్ ఆఫ్ చేయకుండా నీళ్లు కుమ్మరించకండి, షాక్ కొడుతుంది. చెట్టంతా అంటుకుంటే ఆర్పాలని చూడకుండా అందరినీ బయటికి తెచ్చి, వచ్చిన తలుపు మూసేసి 101కి ఫోన్ చేయండి. ఒళ్లు కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి, పేస్టు, ఇంకు లాంటివి పూయకండి.

1944లో బొంబాయి రేవులో జరిగిన పేలుడులో చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకంగా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు ఫైర్ స్టేషన్ వాళ్లు వారోత్సవాలు చేస్తారు, మంటలు ఎలా ఆర్పాలో జనానికి చూపిస్తారు. డిసెంబర్‌లో కూడా ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో అరగంట ఆ పని చేయించాలని అధికారులని, చర్చి పెద్దలని కోరుతున్నాను. ఫాదర్లు, పాస్టర్లు కూడా 24 రాత్రి ఆరాధన సమయం ప్రకటించేటప్పుడే, బయల్దేరే ముందు చెట్టు ప్లగ్గు తీసి రమ్మని చెప్పండి.

– ఒక పాఠకురాలు, మరియాపురం, కడప