పాల వ్యాన్ అన్నకు దండాలు

2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. ఆర్టీసీ కార్మికులూ దిగాక బస్సులు డిపోలు దాటలేదు. సింగరేణిలో బొగ్గు ఆగేసరికి కరెంటు కోతలు. సమ్మె మాదే, తెలంగాణ కావాలన్న కోరికా మాదే. కానీ మా బాపు డయాలసిస్ వాయిదా పడదు కదా!

జనగామ చౌరస్తాలో హన్మకొండకు ఆటోవాళ్లు చెప్పిన రేటు వింటే గుండె గుభేల్‌మంది. అప్పుడే మీరు పాల వ్యాన్ ఆపారు. క్యాన్లు ఒక పక్కకు జరిపి, తడి గోనెసంచుల మీద మీ దుప్పటి పరిచి బాపును పడుకోబెట్టారు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర నడిరోడ్డు మీద వంటావార్పు. మీరు దిగి ఏం చెప్పారో గానీ, ఇద్దరు సగం ఉడికిన అన్నం గిన్నె దించితే, ఇంకొకాయన పొయ్యిరాళ్లు కాలితో పక్కకు నెట్టాడు. బాపుకు మంచినీళ్లు కూడా ఇచ్చారు (ఆయనకు నీళ్లు కొలతే, అయినా రెండు గుక్కలు తాగాడు).

డీజిల్‌కని ఇచ్చిన డబ్బుల్లో సగం తిరిగిచ్చేశారు. "ఆ వ్యాన్ పిలగాడు ఏడున్నడో" అని బాపు పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. మీ రుణం తీరేది కాదన్నా. జనగామ వైపు ఆ వ్యాన్ అన్న తెలిసినవాళ్లుంటే ఈ మాట చేరవేయండి.