సోమవారం ఒక్క రోజు మాంసం మానేద్దామా?

అందరికీ నమస్కారం 🙏

వచ్చే సోమవారం నుంచి నాలుగు వారాలు, వారానికి ఒక్క రోజు మాంసం మానేద్దాం. మిగతా ఆరు రోజులు మీ ఇష్టం, ఎవరూ అడగరు.

ఇది కొత్తేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లోనే అమెరికా ప్రభుత్వం వారానికో రోజు మాంసం మానమని ప్రజలను కోరింది. 2003లో అక్కడే ‘మీట్‌లెస్ మండే’ పేరుతో ఆ ఆలోచన తిరిగొచ్చింది.

ఆదివారం రాత్రి 9 లోగా ‘నేను రెడీ’ అని ఇక్కడ రాయండి. సోమవారం వండినదాని ఫొటో పెట్టండి. మాడిపోయినా సరే!

ఇంట్లోవాళ్లు ఒప్పుకోరని టెన్షన్ వద్దు. నేను లెక్చర్ ఇచ్చినన్నాళ్లూ మా ఇంట్లో ఒక్కరూ వినలేదు. కూరలో మాంసం సగానికి తగ్గించి పుట్టగొడుగులు, శనగలు కలిపాను. గిన్నె ఖాళీ! అందుకే పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకండి, ముందు వడ్డించండి. పూర్తిగా మానలేకపోతే సగం తగ్గించినా లెక్కలోకే వస్తుంది.

ఒక్క రిక్వెస్ట్: మాంసం తినేవాళ్లను ఎగతాళి చేసే మీమ్స్ ఇక్కడ పెట్టొద్దు. తిట్టించుకుని ఎవరూ మారరు.

శనివారం సాయంత్రం మళ్లీ గుర్తు చేస్తాను. శనగలు ఆదివారం రాత్రే నానబెట్టడం మర్చిపోకండి.