అమ్మ కళ్లజోడు అడిగి తెప్పించుకున్న సిస్టర్ గారికి

అమ్మ నిన్న ఇంటికొచ్చింది. 14 రోజులు ఐసీయూలో, ఇంకో 6 రోజులు వార్డులో ఉంది. ఫోన్ చేసినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

అమ్మకి 81 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. ఆ రోజు పొద్దున, ఎప్పుడో పోయిన నాన్నకి కాఫీ ఇచ్చారా అని అడిగింది. చాదస్తం అనుకుని నవ్వుకున్నాం. జ్వరం లేదు, దగ్గు లేదు. సాయంత్రానికి పిలిస్తే పలకలేదు. మా ఊరి ఆర్‌ఎంపీ గారు బీపీ చూసి, "ఇది నా చేతిలో పని కాదు, ముందు 108కి ఫోన్ చెయ్యండి" అన్నారు. ఓ సెలైన్ పెట్టి రేపు చూద్దాం అనలేదు. ఆయనకి మొదటి దణ్ణం. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకిందని, దాన్ని సెప్సిస్ అంటారని తర్వాత తెలిసింది. పెద్దవాళ్లలో జ్వరం లేకుండానే ఇలా ముదరొచ్చట. ఉన్నట్టుండి మాట తేడాగా రావడమే గుర్తు కావచ్చట. మాకది తెలియక ఒక పూట పోగొట్టుకున్నాం.

మొదట వెళ్లినచోట గంటన్నర కూర్చోబెట్టి, వెంటిలేటర్ ఖాళీ లేదన్నారు. ఆ కోపం ఇంకా ఉంది, ఇక్కడెందుకులెండి. ఎదురింటి బాబాయి గారబ్బాయి అక్కడి నుంచే నలుగురికి ఫోన్లు చేసి గుంటూరులో బెడ్ కనుక్కున్నాడు. రిపోర్టులు, అమ్మ రోజూ వేసుకునే బిళ్లల ఫొటోలు ముందే వాట్సాప్‌లో పంపాడు. మేం దిగేసరికి అక్కడ అంతా సిద్ధంగా ఉంది. ఒరేయ్, నీకు థాంక్స్ చెబితే తిడతావు, అయినా చెబుతున్నా.

గుంటూరులో ఐసీయూ డాక్టర్ గారు అమ్మ వయసు దగ్గర ఆగలేదు. "పది రోజుల కిందట ఆవిడ ఏమేం చేసుకునేవారు?" అని అడిగారు. వాకిలి ఊడ్చి ముగ్గేసేది, మిద్దె మీద వడియాలు పెట్టేది అని చెప్పాం. అయితే గట్టిగా ప్రయత్నించాల్సిందే అన్నారు. డాలస్‌లో ఉన్న అన్నయ్య అప్పటికే ఏం చేసైనా బతికించండి అంటున్నాడు, అక్కేమో అమ్మని గొట్టాలతో హింసపెట్టొద్దు అని ఏడుస్తోంది. ఆయన ముగ్గురినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, మూడు రోజులు పూర్తి వైద్యం చేద్దాం, పడిపోయిన బీపీని నిలబెట్టే మందు అవసరం తగ్గుతుందో లేదో చూసి మళ్లీ మాట్లాడుకుందాం అన్నారు. రోజూ సాయంత్రం అయిదింటికి ఇంట్లో ఒక్కరితోనే మాట్లాడతానన్నారు. ఆ ఒక్కడినీ నేనే. ఆ కబురు ఒక్కచోటి నుంచే రావడంతో మా మధ్య సగం గొడవలు ఆగిపోయాయి. మూడో రోజుకి మందు సగానికి తగ్గింది.

వెంటిలేటర్ గొట్టం తీశాక ఇంకో పరీక్ష. అమ్మ రాత్రంతా కేకలు, సూదులు పీకేసుకోవడం, నన్ను దొంగ అనడం. మతి పోయిందనే అనుకున్నాను. నైట్ డ్యూటీ సిస్టర్ గారు, ఐసీయూలో పెద్దవాళ్లకి ఇది మామూలే, చాలామందికి తగ్గుతుంది అని చెప్పి, "కళ్లజోడు, చెవి మిషన్ ఇంట్లో పెట్టేశారా? రేపు తెండి" అన్నారు. చేతులు కట్టలేదు. రాత్రి లైట్లు తగ్గించారు, విజిటింగ్ టైము దాటినా అక్కని పక్కన కూర్చోనిచ్చారు. నాలుగో రోజు అమ్మ, "ఇది ఆసుపత్రా? ఎంతవుతోంది రోజుకి?" అంది. మా అమ్మ మాకు దొరికింది.

అమ్మ ఎంత బతిమాలినా, మింగగలదో లేదో చూడకుండా చుక్క మంచినీళ్లు ఇవ్వనివ్వని ఫిజియోథెరపీ అమ్మాయి మీద అప్పుడు మండిపడ్డాను. సారీ అమ్మా. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే మొదటికొస్తుందని నాకు తెలియదు. మంచం అంచున కూర్చోబెట్టి కాళ్లు ఊపించింది కూడా నువ్వే. రెండు గంటలకోసారి అమ్మని పక్కకి తిప్పిన వార్డు బాయ్‌లకి కూడా దణ్ణం. ఒంటి మీద ఒక్క పుండు లేదు. డబ్బు సర్దినవాళ్లు పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు.

అమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని వసారా దాకా నడుస్తోంది. సిస్టర్ గారూ, కళ్లజోడు పెట్టె మీ టేబుల్ సొరుగులోనే ఉండిపోయిందట. శుక్రవారం చెకప్‌కి వచ్చినప్పుడు తీసుకుంటాం. మీకు సున్నుండలు చేయించమని అమ్మ పొద్దుటినుంచి వదిన ప్రాణం తీస్తోంది.