ఫ్రాన్స్ పల్లెలకు కుక్కతో వెళ్లేవారికి

సంపాదకులకు,

వేసవి దగ్గరపడగానే ‘ఫ్రాన్స్‌లో కుక్కను ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు’ అనే మాట యాత్రా వ్యాసాల్లో కనిపిస్తుంది. బ్రిటన్, ఐర్లండ్, జర్మనీ, నెదర్లాండ్స్‌లలో ఉంటూ కుక్కను పెంచుకునే తెలుగు కుటుంబాలు ఆ మాట నమ్మి బయల్దేరితే అక్కడికెళ్లాక ఇబ్బంది పడతాయి. ఎందుకంటే అది సగమే నిజం. కేఫ్ బల్ల కింద కుక్క పడుకుంటే చాలాచోట్ల ఎవరూ ఏమీ అనరు, అడక్కముందే గిన్నెలో నీళ్లు పెట్టేవాళ్లూ ఉంటారు. అదే కుక్కను కిరాణా దుకాణంలోకి, చిత్రాల గుహలోకి, వేసవిలో కాపలా ఉండే ఈత రేవుల్లోకి రానివ్వరు. ఏ ఊరు, ఏ నెల, ఏ పూట అన్నది కుక్కను బట్టి నిర్ణయించుకుంటే సెలవులు హాయిగా గడుస్తాయి. మనం చూడాలనుకున్నవన్నీ ముందు రాసుకుని ఆ తర్వాత కుక్కను అందులో ఇరికిస్తే, పాపం అది సగం రోజులు తాళం వేసిన ఇంట్లోనే ఉంటుంది.

మొదట ప్రాంతం. కొండలంటే ఇష్టపడేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఎక్రాన్, వన్వాజ్, మెర్కాంతూర్, పిరనీస్ జాతీయ పార్కుల నడిమి భాగంలోకి లీష్ (కుక్కను పట్టుకునే తాడు) పట్టుకున్నా సరే కుక్కను తీసుకెళ్లకూడదు. సెవెన్ జాతీయ పార్కులో లీష్‌తో నడవొచ్చు. మొదటిసారి వెళ్లేవారికి మాత్రం నైరుతిలోని దొర్దోన్ లోయ, అందులోనూ సార్లా పట్టణం చుట్టుపక్కలే మేలు. నది, ఓక్ అడవులు, అక్రోటు తోటలు, రాతి ఇళ్ల ఊళ్లు అన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఎండ ముదిరేలోపు ఇంటికి చేరిపోవచ్చు.

ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ‘జంతువులకు అనుమతి’ అన్న ఒక్క ముక్క చూసి డబ్బు కట్టెయ్యకండి. పల్లె ఇళ్లను అక్కడ ‘జీత్’ అంటారు. ప్రకటనలో ‘జార్దాఁ క్లో’ అని ఉంటేనే తోట చుట్టూ కంచె ఉన్నట్టు. ఉత్త ‘జార్దాఁ’ అని ఉంటే కంచె లేదనే అనుకోవాలి. కంచె ఉన్నా ఎత్తెంత, గేటు కింద సందు ఎంత, పక్కింట్లో కోళ్లో గొర్రెలో ఉన్నాయా అని యజమానిని అడిగి, ఫొటో పంపమనండి. కుక్కను ఇంట్లో ఒంటరిగా వదలొచ్చా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. చాలామంది యజమానులు ఒప్పుకోరు. కొత్త ఇంట్లో కుక్క తలుపు గీరడం, మొరగడం మామూలే కాబట్టి వాళ్ల భయంలో న్యాయముంది. ఇంటి దగ్గర అది పడుకునే దుప్పటిని ఉతక్కుండా వెంట తీసుకెళ్తే, ఆ వాసనకు మొదటి రాత్రి కుదురుగా పడుకుంటుంది.

ఇక చేయదగ్గ పనుల్లో మొదటిది పడవ ప్రయాణం. దొర్దోన్ నది మీద విత్రాక్ దగ్గర కనూ (తెడ్లతో నడిపే చిన్న పడవ) అద్దెకు తీసుకుని లా రోక్ గజాక్, కాస్టెల్నో మీదుగా బేనాక్ దాకా ప్రవాహం వెంట దిగిపోవచ్చు. రెండు గట్ల మీదా కోటలే. కుక్కను పడవలోనే కాదు, తిరిగి తెచ్చే మినీబస్సులోనూ ఎక్కనిస్తారా అని అడగండి. చాలామంది ఈ రెండో ప్రశ్న మరిచిపోతారు. ప్లాస్టిక్ పడవ అడుగు ఎండకు కాలుతుంది, తడిస్తే జారుతుంది. పాత యోగా చాప ముక్కో, తడి తువ్వాలో పరిచి, కుక్కను మీ మోకాళ్ల మధ్య కూర్చోబెట్టండి. వీపు మీద పిడి ఉన్న లైఫ్ జాకెట్ తొడగాలి. నీళ్లలో పడితే ఆ పిడి పట్టుకునే పైకి లాగాలి. లీష్‌ను మాత్రం పడవకు ఎప్పుడూ కట్టకండి. బోల్తా పడితే కుక్క పడవ కిందే చిక్కుకుపోతుంది. అరగంటకోసారి గులకరాళ్ల ఒడ్డున ఆపి కాళ్లు చాపుకోనివ్వండి. అంతకు ముందురోజే ఒడ్డున నిలిపి ఉన్న పడవలో ఒకటికి రెండుసార్లు ఎక్కించి దించితే మర్నాడు దూకదు.

అదే నదికి పైన కొండకొమ్మున ఉన్న మార్కెసాక్ తోటల్లోకి లీష్‌తో కుక్కను రానిస్తారు. చేత్తో కత్తిరించిన 1,50,000 బాక్స్‌వుడ్ పొదలు, ఆరు కిలోమీటర్లకు పైగా నీడ దారులు. చివరనున్న చూపుమేడ నదికి దాదాపు 130 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ పొడవు సాగే లీష్ పనికిరాదు, రెండడుగుల్లోనే పట్టుకోవాలి. తెరవగానే వెళ్తే గులకదారి చల్లగా ఉంటుంది. అరచేతి వెనక భాగాన్ని నేల మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే ఆ దారి కుక్క పాదాలకు కూడా పనికిరాదు.

సార్లాలో బుధవారం, శనివారం సంత. జనం ఒత్తిడి పెరిగాక కుక్కకు కనపడేవి కాళ్లూ బండి చక్రాలే కాబట్టి పొద్దున్నే వెళ్లి రావాలి. కొన్ని ఊళ్ల సంతల్లోకి కుక్కల్ని రానివ్వరు, బోర్డు చూసుకోండి. వేసవి రాత్రి సంతల్లో పొడవాటి బల్లల మీద అందరూ కలిసి తింటారు, అక్కడ కుక్కకూ చోటుంటుంది. కానీ ఆ ప్రాంతమంతా బాతు కూరే. ఉడికిన బాతు ఎముక సూదుల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. బల్ల కింద ఏం పడిందో ఒక కన్నేసి ఉంచాలి. ఆదిమానవుల చిత్రాలున్న లాస్కో గుహ 1940లో ఒక కుర్రాడి కుక్క వల్లే బయటపడిందని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. ఇప్పుడు సందర్శకులకు చూపించేది దాని నమూనా గుహను, అందులోకి కుక్కకు ప్రవేశం లేదు. ఇద్దరు పెద్దవాళ్లుంటే వంతులవారీగా చూసి, రెండోవారు వేజేర్ నది ఒడ్డున నీడలో కుక్కతో ఉండటమే మార్గం. కారులో వదలడం మార్గం కాదు. అద్దం రెండంగుళాలు దించినా కారు కొలిమే.

చలికాలంలో వెళ్లేవారికి ఇంకో మంచి పని ఉంది. లోట్ జిల్లాలోని లాల్బెంక్‌లో మంగళవారం మధ్యాహ్నం నల్ల ట్రఫుల్ (నేల లోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగు) సంత జరుగుతుంది. ఆ చుట్టుపక్కల శిక్షణ పొందిన కుక్కలు ఓక్ చెట్ల మొదళ్లలో వాసన పట్టి ట్రఫుల్ తవ్వించే ప్రదర్శనలు పెడతారు. చూడ్డానికి వెళ్లినప్పుడు మీ కుక్కను దూరంగా ఉంచండి. పని చేస్తున్న కుక్క దృష్టి చెదిరితే ఆ రైతు పని చెడుతుంది.

అడవి నడకలకు నియమాలున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 30 దాకా పక్షులు, లేళ్లు పిల్లలు పెట్టే కాలం. అప్పుడు అడవి బాట వదిలి పక్కకు వెళ్తే లీష్ తప్పనిసరి. మిగతా కాలంలో కూడా వంద మీటర్లు దాటి వెళ్లినా, మీ పిలుపు అందనంత దూరమైనా దాన్ని చట్టం విచ్చలవిడి కుక్కగానే చూస్తుంది. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట కాలం కాబట్టి మీకూ కుక్కకూ నారింజ రంగు జాకెట్ ఉండాలి. కొండ మేత బీళ్లలో మందను కాచే తెల్లటి పెద్ద కుక్కను ‘పాతూ’ అంటారు. అది మొరుగుతూ ఎదురొస్తే ఆగండి. కర్ర ఎత్తకండి, పరుగెత్తకండి. కుక్కను లీష్‌తో దగ్గరగా పట్టుకుని, నెమ్మదిగా మాట్లాడుతూ మందకు దూరంగా చుట్టు తిరిగి వెళ్లండి.

జబ్బుల్లో అక్కడ ఎక్కువ బాధపెట్టేది మనకు అలవాటున్నదే, పిడుదు. దానివల్ల వచ్చే బబేసియోసిస్‌లో జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, కాఫీ రంగు మూత్రం కనిపిస్తాయి. ఆ రోజే డాక్టరుకు చూపించాలి, మర్నాటిదాకా ఆగితే ప్రాణం మీదికొస్తుంది. నడక అయ్యాక చెవుల వెనక, చంకల్లో, వేళ్ల మధ్య వెతకండి. పచ్చ శిలువ గుర్తున్న మందుల షాపులో చిన్న కొక్కెం అమ్ముతారు. దాంతో చర్మానికి ఆనించి మెలితిప్పి తీయాలి. నూనె పోయడం, కాల్చడం వద్దు. వేసవి గడ్డిలో కంకి నూగులు ముక్కులోకి, చెవిలోకి దూరి ఒకే దిశలో లోపలికి పోతాయి. వరస తుమ్ములు, తల ఒక పక్కకు వాల్చి విదిలించడం దాని గుర్తులు. దాన్ని ఇంట్లో లాగే ప్రయత్నం చేయకూడదు. జనవరి నుంచి మే మధ్య పైన్ చెట్ల కింద వరసగట్టి పాకే గొంగళి పురుగుల్ని కుక్క నాకితే నాలుక వాచి, కుళ్లిపోయే దాకా వస్తుంది. రుద్దకుండా నీళ్లతో కడుగుతూ వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. దక్షిణాన మధ్యధరా వైపు వెళ్తే ఇసుక ఈగల నుంచి లీష్మానియాసిస్ అనే జబ్బు వస్తుంది. వాటిని తరిమే కాలర్‌ను వారం ముందే వేయాలి, చీకటిపడ్డాక కుక్కను లోపలే పడుకోబెట్టాలి. నది నీళ్లు తగ్గిన ఆగస్టులో ఒడ్డున ముదురాకుపచ్చ, గోధుమ రంగు నాచు చాపల్లా తేలుతుంటే అక్కడ దిగనివ్వకండి. 2017లో లువార్ నది ఒడ్డున అలాంటి నాచు విషానికి కుక్కలు చనిపోయాయి. ద్రాక్షతోటలో రాలిన పళ్లు కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, బూజు పట్టిన అక్రోటు మూర్ఛ తెప్పిస్తుంది.

కాగితాల సంగతి. మైక్రోచిప్ ముందు, రేబిస్ టీకా తర్వాత. ఈ వరస తప్పితే టీకా లెక్కలోకి రాదు. మొదటి టీకా తర్వాత 21 రోజులు ఆగాలి. బూస్టర్ ఒక్కరోజు ఆలస్యమైనా మళ్లీ మొదటి టీకా కిందే లెక్క. యూరోపియన్ యూనియన్‌లో ఉంటే పెట్ పాస్‌పోర్టు చాలు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో తీసుకెళ్లాలంటే టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తం తీసి, యూనియన్ ఆమోదించిన ల్యాబ్‌లో పరీక్షిస్తే యాంటీబాడీలు మిల్లీలీటరుకు కనీసం 0.5 యూనిట్లు రావాలి. రక్తం తీసిన రోజు నుంచి ఇంకో మూడు నెలలు ఆగాలి. రెండు వారాల సెలవు కోసం కుక్కను ఇంత దూరం విమానంలో తిప్పడం దానికి మేలు కాదు. మనవాళ్లు ఇష్టంగా పెంచుకునే రాట్‌వైలర్‌కు ఫ్రాన్స్‌లో బయట మజిల్ (మూతికి తొడిగే చిక్కం), లీష్ రెండూ ఉండాలి. పిట్‌బుల్ పోలికతో ఉండి వంశపత్రం లేని కుక్కను దేశంలోకే రానివ్వరు.

బ్రిటన్‌కు తిరిగొచ్చేవారు ఎక్కువగా చిక్కుకునేది బద్దెపురుగు మందు దగ్గర. దేశంలో అడుగుపెట్టే సమయానికి 24 గంటల నుంచి 120 గంటల ముందు పశువుల డాక్టరే మందు వేసి, గంటతో సహా పత్రంలో రాయాలి. ఆదివారం ఉదయం 10కి చేరేలా ఉంటే మంగళవారం 10 నుంచి శనివారం 10 లోపు అన్నమాట. శనివారం మధ్యాహ్నం వేయిస్తే గడువు తప్పినట్టే, ఫ్రాన్స్ ఒడ్డునున్న కలే రేవు దగ్గరే ఆపేస్తారు. గురువారం వేయించుకోవడం క్షేమం. జులై 14, ఆగస్టు 15 అక్కడ సెలవులు, పల్లె డాక్టర్లు ఉండరు. కాబట్టి ఇల్లు బుక్ చేసిన రోజే ఆ డాక్టరు అపాయింట్‌మెంట్ కూడా తీసుకోవాలి. మీ యాత్రా పేజీలో ఫ్రాన్స్ గురించి రాసినప్పుడు ఈ గంటల లెక్కను, ఏప్రిల్ 15 – జూన్ 30 తేదీలను పక్కన చిన్న పెట్టెలోనైనా వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయ,
ఒక పాఠకురాలు, లండన్